ఎకరం లేనోళ్ళ నష్టం ఏ గడిలో రాస్తారు?

(పేట నుంచి – 23)



మా పేట పుట్టిన కాడ్నుంచీ కార్బన్ న్యూట్రలే. నవ్వులాటకి అంటున్న మాట కాదిది. 2022 ఏప్రిల్ 24న, పంచాయతీరాజ్ దినోత్సవం నాడు, జమ్మూలో సాంబా జిల్లా పల్లి అనే ఊళ్ళో ప్రధాని 500 కిలోవాట్ల సోలార్ ప్లాంటు ప్రారంభించారు. దేశంలో మొదటి కార్బన్ న్యూట్రల్ పంచాయతీ అని ఆ ఊరికి పేరొచ్చింది. మంచిదే. కానీ మా పేటలో ఏసీ లేదు, కారు లేదు, విమానం ఎక్కిన మనిషి లేడు. వంటకి ఇప్పటికీ సగం ఇళ్ళలో పుల్లలే, గ్యాస్ బండ కొనే డబ్బుల్లేక. ఈ లెక్కన ప్రపంచంలో ఉన్న అవార్డులన్నీ మా పేటకే రావాలి. వచ్చింది మాత్రం ఎండ, గాలి, గెడ్డ నీళ్ళు.

ఈ సిరీస్‌లో భూమి గురించి రాశాను, హాస్టళ్ళ గురించి రాశాను. వాతావరణం మీద రాస్తానంటే మనోళ్ళే కొందరు, "అది చదువుకున్నోళ్ళ గొడవ కదన్నా, మనకెందుకు" అన్నారు. మనకే. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

చోడవరం చుట్టుపక్కల ఏ పంచాయతీకి వెళ్ళినా ఇప్పుడు ప్రణాళిక అనే మాట వినిపిస్తోంది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకి తొమ్మిది అంశాలు ఇచ్చారు. పేదరికం లేని ఊరు, నీళ్ళున్న ఊరు, పచ్చని పరిశుభ్రమైన ఊరు, సామాజిక న్యాయం ఉన్న ఊరు, ఇలా. దానికి తోడు స్వర్ణాంధ్ర 2047, నెలకొక శనివారం స్వచ్ఛాంధ్ర. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. కాగితం మీద చూస్తే ఊరి భవిష్యత్తుని ఊరే రాసుకుంటోంది.

మా పంచాయతీలో జరిగిన ఒక గ్రామసభ సంగతి చెప్తాను. ఊరి పేరు రాయను. మీ ఊళ్ళో జరిగింది వేరుగా ఉంటే నాకు చెప్పండి. పచ్చదనం అంశం తీసుకున్నారు. రోడ్డుకి రెండు వైపులా మొక్కలు, బడి ఆవరణలో మొక్కలు, చెరువు గట్టు మీద మొక్కలు. తర్వాత ప్లాస్టిక్ నిషేధం. తర్వాత ఇంకుడు గుంతలు. అక్కడికి వాతావరణం అయిపోయింది. పేట నుంచి వచ్చిన ఒక అప్ప లేచి, "మా ఈదిలో మోకాటి లోతు నీళ్ళు నిలబడిపోతన్నాయి బాబూ, కాలవ తవ్వండి" అంది. "అది వేరే పద్దమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఇంకొకామె, "ఎండకి పన్లోకి ఎల్లలేకపోతన్నాం, ఆ రోజు కూలి ఎవలిత్తారు?" అంది. సభలో నవ్వారు.

నాకు ఆ నవ్వు మీద కోపం లేదు. ఆవిడ అడిగిన ప్రశ్నకి రాసుకోవడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు. గడి లేని ప్రశ్న ఎవరికైనా నవ్వులాటగానే కనిపిస్తుంది. ఈ పోస్టు అంతా ఆ గడి గురించే.

హుద్‌హుద్ గుర్తుందా? 2014 అక్టోబర్ 12. విశాఖ దగ్గర తీరం దాటింది, గంటకి 180 కిలోమీటర్లకి పైగా గాలి. టీవీలన్నీ విశాఖ నగరాన్ని చూపించాయి, ఎయిర్‌పోర్టు పైకప్పుని చూపించాయి. ఇటు మా వైపు ఏం జరిగింది? అక్టోబర్ అంటే చెరకు నిలువెత్తు పెరిగి ఉండే టైము. గాలికి తోటలకి తోటలు పడిపోయాయి. చెరకు ఒకసారి పడితే గెడ మెలికలు తిరుగుతుంది, పక్క నుంచి మొలకలొస్తాయి, ఎలకలు కొడతాయి, రసం తగ్గుతుంది. రైతు నష్టపోయాడు. నిజమే, ఎవరూ కాదనరు. ఆ నష్టాన్ని రాసుకోవడానికి మనుషులొచ్చారు. సర్వే నంబరు అడిగారు, ఎన్ని ఎకరాలో అడిగారు, ఎంత శాతం పోయిందో రాసుకున్నారు.

అదే తోటలో చెరకు నరికే మనిషి సంగతి చూడండి. టన్నుకింత అని కూలి. నిలబడ్డ చెరకు నరకడం వేరు, పడిపోయి పెనవేసుకున్న చెరకు నరకడం వేరు. వంగి, ఒక్కో గెడా లాగి, వేరు చేసి, నరికి, ఆకు దులిపి కట్ట కట్టాలి. రోజుకి నరికే టన్నులు తగ్గుతాయి. అంటే అదే చెమటకి తక్కువ డబ్బులు. గాలి రైతుని ఎంత కొట్టిందో నరికేవాణ్ణి అంత కొట్టింది. రైతు నష్టానికి శాతం ఉంది. వీడి నష్టానికి పేరే లేదు. బెల్లం గానుగల దగ్గర పని ఆగిపోయిన రోజులకీ లేదు. గాలికి కొబ్బరి, జీడి పడిపోతే ఆ చెట్ల కింద పనిచేసే ఆడోళ్ళకి పోయిన ఏళ్ళకీ లేదు. చెట్టు మళ్ళీ కాపుకొచ్చేదాకా ఆ పని లేదు కదా!

విపత్తు సాయానికి కేంద్రం నిబంధనలున్నాయి. పంట 33 శాతం, ఆపైన పోతే పెట్టుబడి రాయితీ. 2015 దాకా 50 శాతం పోవాలనేవారు, తగ్గించారు. రైతు సంఘాలు గట్టిగా అడిగాయి కాబట్టి తగ్గింది. ఇల్లు పడిపోతే సాయం ఉంది, కానీ ఆ ఇల్లు అనుమతి ఉన్న కట్టడం అని అధికారి ధ్రువీకరించాలి. గెడ్డ గట్టు మీద, పోరంబోకులో, పట్టా లేకుండా మూడు తరాలుగా ఉన్నవాడి ఇంటికి ఆ ముద్ర ఎవరేస్తారు? కౌలు చేసేవాడి సంగతీ అంతే. 2019 కౌలు చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, అదీ 11 నెలలకి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. ఆ భయం వల్ల తుపానుకి పోయిన పంట సాయం హైదరాబాద్‌లో ఉన్న పట్టాదారు ఖాతాలో పడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. అవే నిబంధనల్లో, జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకి సాయం అనే అంశం ఉంది. ఉపాధి హామీ రోజు కూలి లెక్కన, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళకి ఇవ్వొచ్చని ఉంది. అంటే పోయిన పనిదినానికి కాగితం మీద గడి ఉంది! రాసేవాడు లేడంతే. నేను చోడవరం చుట్టుపక్కల పేటల్లో అడుగుతూనే ఉన్నాను, ఈ పేరుతో మీకెవరికైనా ఎప్పుడైనా డబ్బులు పడ్డాయా అని. బియ్యం వచ్చాయన్నారు, కందిపప్పు వచ్చిందన్నారు, ఒకసారి బంగాళాదుంపలు వచ్చాయన్నారు. కూలి పోయిన రోజులకి డబ్బులు వచ్చాయన్న మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు.

తుపాను నయం, కనీసం విపత్తు అని ఒప్పుకున్నారు. ఎండ సంగతి చూడండి. 15వ ఆర్థిక సంఘం కాలానికి కేంద్రం గుర్తించిన విపత్తులు పన్నెండు. అందులో చలిగాలులు ఉన్నాయి, మంచు చరియలు ఉన్నాయి, వడగాలి లేదు. ఢిల్లీలో కూర్చుని రాస్తే చలి కనిపిస్తుంది కాబోలు. మన రాష్ట్రంలో 2015 ఎండాకాలంలో వడదెబ్బకి 1,369 మంది చనిపోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆ తర్వాత వడగాలుల ప్రణాళిక రాశారు, చలివేంద్రాలు పెట్టారు, మరణాల లెక్క ఏడాదికేడాదికీ తగ్గింది. కొంత ఆ పని ఫలితమే, ఒప్పుకుంటాను. కానీ ఆ లెక్కలోకి ఎక్కాలంటే తహశీల్దారు, డాక్టరు, ఎస్సై కలిసి ఒప్పుకోవాలి, పోస్ట్‌మార్టం జరగాలి. మా పేటలో చెరకు తోట నుంచి వచ్చి, నులకమంచం మీద పడుకుని, సాయంత్రానికి లేవని ముసలాయనకి ఎవరు పోస్ట్‌మార్టం చేయిస్తారు? చీకటి పడేలోపు మట్టి చేసేస్తాం. "ఎండ తగిలింది" అని పేట అంతటికీ తెలుసు. రికార్డుకి తెలీదు.

ఇప్పుడు ఫోన్లకి మెసేజిలొస్తున్నాయి. మండలం పేరుతో సహా, రేపు తీవ్ర వడగాలులు, మధ్యాహ్నం బయటికి రావద్దు అని. విపత్తుల సంస్థ చేస్తున్న మంచి పని అది. కానీ ఆ మెసేజి మా వాళ్ళకి తోటలో ఉన్నప్పుడు వస్తుంది. "బయటికి రావద్దంట" అని చదువుకుని మళ్ళీ కొడవలి పట్టుకుంటారు. నీడలో కూర్చుంటే జీతం ఆగని మనిషికి అది హెచ్చరిక. రోజు కూలి మనిషికి ఆ మెసేజి చదివినా చేయగలిగిందేమీ లేదు. మన వైపు ఎండ రాయలసీమ ఎండ లాంటిది కూడా కాదు, సముద్రం దగ్గర కాబట్టి ఉక్క. చెమట ఆరదు. థర్మామీటర్ 38 చూపిస్తున్నా ఒంటికి అది 38 కాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఒక నివేదిక ఇచ్చింది. ఎండ వేడి వల్ల 2030 నాటికి భారతదేశం 5.8 శాతం పనిగంటలు కోల్పోతుందని, అది 3 కోట్ల 40 లక్షల పూర్తికాల ఉద్యోగాలతో సమానమని అంచనా వేసింది. ఎక్కువ దెబ్బ వ్యవసాయానికీ నిర్మాణానికీ అని చెప్పింది. మా పేట మగోళ్ళు విశాఖలో బిల్డింగ్ పనికి, ఆడోళ్ళు ఊడ్పులకి, కలుపులకి. జెనీవాలో కూర్చున్నవాళ్ళకి మా పేట కనిపించింది. మా పంచాయతీకి కనిపించలేదు.

పోయిన రోజుని లెక్కపెట్టడం కుదరదంటారా? గుజరాత్‌లో పుట్టిన సేవా సంఘం కుదురుతుందని చూపించింది. అసంఘటిత మహిళా కార్మికులకి వేడి బీమా పెట్టారు. ఫలానా చోట ఉష్ణోగ్రత ఫలానా డిగ్రీ దాటితే, దరఖాస్తు లేదు, సర్వే లేదు, నేరుగా ఖాతాలో డబ్బు. 2024 ఎండాకాలంలో రాజస్థాన్, గుజరాత్, మహారాష్ట్రల్లో యాభై వేల మంది సభ్యుల్లో ఎక్కువ మందికి అలా పడింది. తలా కొన్ని వందలే. అయినా ఒక ఆడకూలి పోగొట్టుకున్న రోజుకి లెక్క ఉంది అని అక్కడ ఒప్పుకున్నారు.

"ప్రకృతికి కులం లేదు కదా, తుపాను అందర్నీ ఒకేలా కొడుతుంది కదా" అని ప్రతి మీటింగులోనూ ఒకాయన లేస్తాడు. తుపానుకి కులం లేదు. ఊరికి ఉంది. ఎత్తున ఉన్నది ఊరు, పల్లంలో ఉన్నది పేట. గెడ్డ పొంగితే ముందు ఎవరింట్లోకి వస్తుందో నీళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, వందల ఏళ్ళ కిందటే ఇళ్ళ స్థలాలు చూపించినవాళ్ళు నేర్పారు. 2004 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నంలో సహాయ శిబిరాల్లో దళితుల్ని వేరు పెట్టారు, కుళ్ళిన శవాలు తియ్యడానికి మాత్రం దళిత పారిశుధ్య కార్మికుల్నే ఇతర ఊళ్ళ నుంచి తెచ్చారు. మన హుద్‌హుద్ తర్వాత విశాఖ కొన్నాళ్ళకే తేరుకుందని అందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆ చెట్లు, ఆ చెత్త ఎత్తిన చేతులు ఎవరివి? వేరే మున్సిపాలిటీల నుంచి కూడా వచ్చిన పారిశుధ్య కార్మికులవి. మన వైపు ఆ పనిలో ఏ కులాలవాళ్ళుంటారో నేను చెప్పనక్కర్లేదు. విపత్తు నిర్వహణ చట్టం 2005, సెక్షన్ 61 చదవండి. సాయంలో కులం, లింగం, మతం పేరుతో వివక్ష ఉండకూడదని ఉంది. కులం లేకపోతే ఆ సెక్షన్ ఎందుకు రాశారు సార్?

మన దేశం బయటికెళ్తే ఎంత బాగా మాట్లాడుతుందో చూడండి. 1992 రియో నుంచీ ఇండియా వాదన ఒక్కటే. గాలిని పాడుచేసింది మీరు, సంపాదించుకున్నది మీరు, నష్టపోతున్నది మేము, కాబట్టి అందరి బాధ్యతా సమానం కాదు, మీరే ఎక్కువ భరించాలి. 2022లో ఈజిప్టు సదస్సులో నష్టపరిహార నిధి పెట్టడానికి ఒప్పుకున్నారు కూడా. నూటికి నూరుపాళ్ళు న్యాయమైన వాదన. నేను అడిగేది, అదే వాదన చోడవరం మండలంలో పనికిరాదా అని. అమెరికా ముందు భారతదేశం ఎవరో, ఊరి ముందు పేట అదే. ఢిల్లీ జెనీవాలో అడిగే న్యాయాన్ని పేట పంచాయతీ ఆఫీసులో అడిగితే నవ్వుతారు.

ఇక పచ్చదనం. మొక్కలంటే నాకు పగ అనుకోకండి. ఏ మొక్క, ఎవరి నేలలో, ఏది తీసేసి అన్నదే ప్రశ్న.

గోవాడ ఫ్యాక్టరీ బకాయిల దెబ్బకి చెరకు రైతు విసిగిపోయాడు. ఆ కథ మీ అందరికీ తెలిసిందే. చాలామంది చెరకు తీసేసి సరుగుడు, నీలగిరి వేస్తున్నారు. రైతు లెక్కలో అది సరైనదే, కూలి ఖర్చు తగ్గుతుంది. కూలి ఖర్చు తగ్గడం అంటే ఏమిటి? మా పేటకి పని పోవడం. చెరకు అయితే నాటడం, కలుపు, జడచుట్లు వేయడం, నరకడం, మోయడం, ఏడాదంతా ఏదో ఒకటుంటుంది. సరుగుడు వేస్తే నాటిన రోజు పని, మళ్ళీ కొన్నేళ్ళకి నరికిన రోజు పని. ఉపగ్రహం నుంచి చూస్తే పచ్చదనం పెరిగినట్టే కనిపిస్తుంది. ఆ పచ్చదనం కింద మా పనిదినాలు పూడ్చిపెట్టి ఉన్నాయి.

ఇంకో పక్క, 2020 జనవరిలో జీవో 72 వచ్చింది. ఉమ్మడి విశాఖ జిల్లాలో పది మండలాల్లో ఆరు వేల ఎకరాలకి పైగా భూ సమీకరణ, ఇళ్ళ స్థలాల కోసం. మనకి దగ్గర్లోని సబ్బవరం, అనకాపల్లి మండలాలు అందులో ఉన్నాయి. ఎవరి భూములు? చాలా భాగం డి-పట్టా భూములు, దళితులు, బీసీలు జీడితోటలు పెంచుకున్న భూములు. పేదలకి ఇళ్ళు కావాలి, నిజమే. పెద్ద కమతాల జోలికి ఎందుకెళ్ళరు? పేదోడి జీడితోట తీసి పేదోడికి ఇంటి జాగా ఇచ్చారు, ఇప్పుడు గ్రామసభలో మొక్కలు నాటమంటున్నారు.

చెరువుల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చెరువుల పునరుద్ధరణ, ఆక్రమణల తొలగింపు అనే మాటలు వాతావరణ ప్రణాళికల్లో తప్పకుండా ఉంటాయి. ఉండాల్సిందే. కానీ ఆ జాబితాలో మొదటి పేరు ఎవరిది ఉంటుంది? చెరువు పల్లంలో అరెకరం దున్నుకుంటున్న మాలోడిదా, చెరువు కప్పేసి లేఔట్ వేసినాయనదా? ఉత్తరాంధ్రలో నీళ్ళ పక్క భూమి దళితుడికి ఎంత ఖరీదో లక్ష్మీపేట చెప్పింది. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం. మడ్డువలస రిజర్వాయర్ కోసం తీసుకోగా మునక్కుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకున్నందుకు 2012 జూన్ 12న ఆధిపత్య కులస్తులు ఐదుగురు దళితుల్ని చంపారు. రిజర్వాయర్ కట్టేటప్పుడు రాసిన ప్రణాళికలో మిగిలిన భూమి ఎవరికి అన్న ప్రశ్నకి జవాబు లేదు. గడి ఖాళీగా వదిలేశారు.

పెద్ద డబ్బు సంగతి చెప్పకపోతే ఈ పోస్టు అసంపూర్ణం. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ వచ్చి మన జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. 1 లక్షా 85 వేల కోట్లు అన్నారు. ఇదీ వాతావరణ చర్యే. జిల్లా పేరు 2022లో అనకాపల్లి అయింది, డబ్బు కోట్లలో వస్తోంది, మా వీధి కాలవ మాత్రం "వేరే పద్దు". రైవాడ నీళ్ళ సంగతి అందరికీ తెలుసు. శారదా నది మీద దేవరాపల్లి దగ్గర కట్టిన రిజర్వాయర్ నుంచి విశాఖ నగరానికి నీళ్ళు వెళ్తాయి. ఆయకట్టు రైతులు ఆ నీళ్ళు మా పొలాలకివ్వాలని ఎన్నో ఏళ్ళుగా కొట్లాడుతున్నారు. నేను వాళ్ళ పక్షమే, పొలానికి నీళ్ళుంటేనే మాకు పని. కానీ ఆ పోరాటం స్టేజీ మీద రైతు ఉంటాడు, ఎదుట నగరం ఉంటుంది. రిజర్వాయర్‌కి కూతవేటులో ఎండాకాలం బిందెలతో నిలబడే పేట ఆడోళ్ళు ఇద్దరి లెక్కలోనూ లేరు. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్ చెరువులో దోసిలి పట్టింది తాగే నీళ్ళ కోసమే. ఆయనే తర్వాత వైస్రాయ్ కౌన్సిల్లో ఉండగా దామోదర్ లోయ, హీరాకుడ్ లాంటి పెద్ద నీటి ప్రాజెక్టుల ఆలోచన ముందుకి నడిపాడు. బిందె సంగతీ డ్యామ్ సంగతీ రెండూ పట్టించుకున్న మనిషి ఆయన. మనం ఒకటే పట్టుకుని కూర్చోకూడదు.

సరే, ఏం కావాలి అంటారు. నేను పేటల్లో తిరిగి విన్నవి చెప్తాను. ఒక్కరు కూడా మొక్కలు వద్దనలేదు, ఒక్కరు కూడా మొదట మొక్కలు అడగలేదు. ఎక్కువమంది అడిగింది కాలవ. వాన నీళ్ళు ఊళ్ళోంచి వచ్చి పేటలో ఆగకుండా బయటికి పోయే కాలవ. తర్వాత ఇంటి పైకప్పు. రేకుల కింద, ఒంటి గది శ్లాబు కింద రాత్రి కూడా పడుకోలేకపోతున్నారు. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు, ఎండని వెనక్కి కొట్టే తెల్లపూత అది. మనకి ఖరీదైన పెయింటు కూడా అక్కర్లేదు, పేట కప్పులన్నిటికీ ఏటా మార్చిలో మంచి సున్నప్పూత వేయించినా చాలు, ఆ పని పేట కుర్రాళ్ళకే ఇవ్వొచ్చు. ఉపాధి పని దగ్గర నీడ, తాగునీళ్ళు, మందుల పెట్టె ఉండాలని 2005 చట్టం షెడ్యూల్లోనే రాశారు. మన రాష్ట్రంలో ఎండాకాలం ఎక్కువ కొలత తవ్వలేరని భత్యం కలిపే పద్ధతి కూడా ఒకప్పుడు ఉండేది, అది పోయింది. తిరిగి తేవాలి. శ్మశానానికి గెడ్డ కోసెయ్యకుండా గోడ కావాలి. చచ్చాక కూడా కొట్టుకుపోవాలా అని ఒక మామ్మ అడిగింది.

వీటన్నిటికీ ఆఫీసుల్లో ఒకే జవాబు, "ఇవి సంక్షేమం పనులు, వాతావరణం కాదు" అని. నేననేది, ఇవే వాతావరణం పనులు. కాలవ, కప్పు, నీడ, పోయిన కూలి. పేటకి వాతావరణ మార్పు వచ్చేది ఈ నాలుగు దారుల్లోనే.

ఒక ప్రమాదం మాత్రం ముందే చెప్తున్నాను. ఇవన్నీ వాతావరణం అని ఒప్పుకున్న రోజు, డబ్బు ఎస్సీ సబ్ ప్లాన్ నుంచి తీస్తామంటారు. 2013 చట్టం ఎంత కష్టపడి సాధించుకున్నామో, పదేళ్ళు నిండితే 2023లో పొడిగింపు కోసం ఎంత ఎదురు చూశామో మర్చిపోవద్దు. ఊరందరి రోడ్డుకీ, అందరికీ వచ్చే పథకాలకీ ఆ నిధుల లెక్క చూపించడం మనం చూసిందే. రేపు ఊరి మధ్య సోలార్ లైట్లు వేసి, ఎస్సీలు కూడా ఆ వెలుతుర్లో నడుస్తారు కదా అని సబ్ ప్లాన్‌లో రాసేస్తారు. సబ్ ప్లాన్ అనేది మన బాకీ. వాతావరణ నిధి వేరే. దాన్ని వేరేగానే అడగాలి.

చట్టం ప్రకారం ఏటా గ్రామసభ జరగాల్సిన తేదీల్లో రెండు, ఏప్రిల్ 14, అక్టోబర్ 3. ఏప్రిల్ 14 మన పండగ. మనం విగ్రహం దగ్గర దండలు వేస్తూ ఉంటాం, పంచాయతీ ఆఫీసులో రిజిస్టర్‌లో సంతకాలు అయిపోతూ ఉంటాయి. వచ్చే ఏడాది నుంచి ర్యాలీని సభ దాకా నడిపించాలని మా కుర్రాళ్ళకి చెప్పాను. దండ వేసి, అటు నుంచి అటే గ్రామసభకి. సభని పేటలోనే పెట్టమని ముందే కాగితం ఇవ్వాలి.

అంతకంటే ముందు అక్టోబర్ 3 ఉంది. దానికోసం పేటలో నోట్‌బుక్ ఒకటి మొదలుపెట్టాం. ప్రభుత్వం ఫారంలో గడి లేదు కాబట్టి మనమే గీసుకున్నాం. తేదీ. పని ఎందుకు ఆగింది, ఎండా, వానా, గాలా, పంట మార్పా. ఏ పని. ఎంతమంది. ఆ రోజు కూలి రేటు. మగోళ్ళకీ ఆడోళ్ళకీ వేరే వేరే రాయాలి, రేట్లు వేరు కాబట్టి. రాస్తున్నది ఇంటర్ చదివే అమ్మాయి. మొదటి రోజు "వాన వల్ల సెలవు" అని రాస్తే, పక్కన కూర్చున్న వాళ్ళ మామ్మ, "సెలవేటే, మాస్టార్లమా మనం? పని పోనాది అని రాయి" అంది. కొట్టేసి మళ్ళీ రాసింది.

మాడుగుల, బుచ్చెయ్యపేట, దేవరాపల్లి, కె.కోటపాడు వైపు మిత్రులు ఎవరైనా మీ పేటలో ఇదే రాయాలనుకుంటే ఆ పేజీ ఫోటో పంపిస్తాను, అచ్చం అలాగే గీసుకోండి. గీతలు వేరైతే రేపు అన్నీ కలిపి మండలం ఆఫీసులో ఇచ్చేటప్పుడు లెక్క కలవదు. గడ్డి, పుట్టగొడుగులు, చేపలు ఏరుకుని బతికేవాళ్ళ రోజుల్ని ఎలా రాయాలో ఇంకా తేలలేదు, దానికి రేటు లేదు కదా. మీకేదైనా ఆలోచన తడితే చెప్పండి. వచ్చే భాగం శ్మశానాల మీద.

జై భీమ్.